కొసరు బాతు

నిన్న పొద్దున్న సుభాష్‌పల్లి బజారులో కల్మీశాకు కట్టలు కొత్తగా వచ్చాయి. మనవాళ్ళు తూటికూర అనేది అదే. ఇంటికి తెచ్చి కత్తిపీట ముందు కూర్చుని తరుగుతుంటే, లోపల బోలుగా ఉండే ఆ కాడలు టపటపా విరుగుతూ, చెరువు బురదా పచ్చి ఆకూ కలిసిన చల్లటి వాసన వంటింటి నిండా పరుచుకుంది. మా ఇంట్లో ఈ కూరంటే ఎవరికీ ఇష్టం లేదు, నిజం చెప్పాలంటే నాకూ లేదు, అయినా వానాకాలం మొదలవగానే ఒక్కసారైనా కొనకుండా ఉండలేను. చిన్నప్పుడు ఈ ఆకు నేను తరిగింది మనుషుల కోసం కాదు. మా పెరట్లో బాతులు ఉండేవి. మామూలు బాతులు కాదు, బెంగాలీలు రాజ్‌హాఁస్ అంటారే, పొడుగు మెడలతో, ముక్కు పైన బొడిపెతో, మనిషిని తేరిపార చూసే పెద్ద బాతులు. వాటి కోసం రోజూ గిన్నెల నిండా తరిగేదాన్ని.

అప్పట్లో మేము ఇదే ఊళ్ళో నిమ్‌పురాలో, యార్డుకి దగ్గరగా ఉన్న రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. ముందు చిన్న వరండా, రెండు గదులు, వెనక ఇంటికంటే పెద్ద పెరడు. పెరట్లో ఒక జామచెట్టు, ఒక మునగచెట్టు, అమ్మ పందిరి మీదికి పాకించిన ఆనపపాదు. నేలంతా ఎర్ర మొరం. ఎండాకాలంలో ఆ నేల అరికాళ్ళు కాల్చేసేది, వానలు పడగానే అదే నేల మా కాళ్ళకి అంటుకుని వంటింటి దాకా వచ్చేది, అమ్మ సణుక్కుంటూ తుడిచేది. శీతాకాలం రాగానే పక్క క్వార్టరులో ఉండే బెంగాలీ ముసలావిడ, వీధి పిల్లలందరం దీదా అని పిలిచేవాళ్ళం, గిన్నెడు ఖర్జూర బెల్లం పంపించేది. అమ్మ ఆ బెల్లంతో పొంగడాలు వేసి నాలుగు దీదాకి ఇచ్చి రమ్మనేది. దీదా అవి తిని, తను బియ్యప్పిండితో చేసే పిఠేల ముందు ఇవి దిగదుడుపని మొహం మీదే చెప్పి, ఇంకో రెండుంటే పట్రమ్మనేది. మేము బొగ్గుముక్కతో వరండా సిమెంటు మీద గళ్ళు గీసుకుని కిత్‌కిత్ ఆడేవాళ్ళం. మన తొక్కుడుబిళ్ళే అది, కాకపోతే ఊపిరి ఆపి కిత్‌కిత్ అంటూ గెంతాలి, గుక్క తిప్పుకుంటే అవుటు.

మా నాన్న అప్పారావు గూడ్స్ బళ్ళ డ్రైవరు. శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో ఈ బెంగాలీ ఊరికి వచ్చేసిన కుటుంబం మాది, ఇంటింటా రైల్వే ఉద్యోగమే. డ్రైవరుకి ఫలానా వేళ అంటూ ఉండదు. బండి సిద్ధమైతే కాల్‌మేన్ సింహాచలం సైకిలేసుకుని వచ్చి గేటు దగ్గర బెల్లు కొట్టి, "అప్పారావు దాదా, బండుందీ" అని కేకేసేవాడు. ఈ ఊళ్ళో అన్నని దాదా అంటారు. నాన్న నీలం బట్టలు తొడుక్కుని, తెల్ల పెయింటుతో పేరు రాసున్న నల్ల రేకుపెట్టె పట్టుకుని బయల్దేరేవాడు. ఆ పెట్టెలో ఎర్రజెండా, పచ్చజెండా, టార్చిలైటు, అటుకులో జంతికలో ఉన్న డబ్బా, మడత పెట్టిన దుప్పటి. ఆయన ఎప్పుడు వెళ్తాడో ఎప్పుడు వస్తాడో మాకెంత తెలుసో వీధిలో అందరికీ అంతే తెలుసు. మా కాలనీలో మంచీ చెడూ పలకరింపంతా ఒక్క మాటలో ఉండేది. "డ్యూటీ నేదా?" అని అడిగేవాళ్ళు. ఇంటి దగ్గర కనపడిన మగవాణ్ణి ఆ మాట అడక్కుండా ఎవరూ దాటిపోయేవారు కాదు.

ఆ ఏడు ఎండలు ముదురుతున్నప్పుడు నాన్న డాక్టరు పరీక్షకి వెళ్ళి వచ్చాడు. బండి నడిపేవాళ్ళకి మధ్యమధ్యలో కళ్ళ పరీక్ష ఉంటుంది, దూరాన ఉన్న సిగ్నలు రంగు చూసి చెప్పగలగాలి. వచ్చిన వాడు రేకుపెట్టెని మంచం కిందికి, చివరి దాకా తోసేశాడు. అమ్మకి ఒకే మాట చెప్పాడు.

"అన్‌ఫిట్ సేసినారు."

ఉద్యోగం పోలేదు. అలాంటివాళ్ళని రైల్వే వదిలెయ్యదు, వేరే పనిలో వేస్తుంది. నాన్నకి దొరికింది, డ్రైవర్లు బండెక్కే ముందు వచ్చి సంతకం పెట్టి వెళ్ళే ఆఫీసులో కుర్చీ. అంటే రోజూ తోటి డ్రైవర్లు పెట్టెలు పట్టుకుని వెళ్తుంటే కూర్చుని చూస్తూ ఉండాలి. నాన్న అక్కడ చేరలేదు. లీవు మీద లీవు పెట్టాడు. ఎవరైనా అడిగితే సిక్‌లో, అంటే ఒంట్లో బాగోక సెలవులో ఉన్నానని చెప్పమని అమ్మకి చెప్పి, పగటి పూట గడప దాటడం మానేశాడు. సైకిలు బెల్లు మా గేటు దాటి పక్క వీధికి వెళ్ళిపోతుంటే తల వంచుకుని పేపరు చదివేవాడు, అదే పేజీ. ఎన్ని వందల మైళ్ళు తిరిగొచ్చిన మనిషో, గేటు తీయడానికి భయపడుతున్నాడు. ఎవరో ఒకరు డ్యూటీ నేదా అని అడుగుతారని. నాకు ఆయన్ని చూస్తే జాలీ వేసేది, కోపమూ వచ్చేది. అమ్మ మాత్రం రోజురోజుకీ బెంగ పెట్టుకుంది. ఒకరోజు దీదా దగ్గర కళ్ళు తుడుచుకుంటూ, "ఇలగ ఇంట్లోనే కూకుంటే మనిషి పాడైపోతాడు దీదా, ఎలగన్నా బయటికి తేవాల" అంది.

దీదా ఏం ఆలోచించిందో తెలియదు గానీ, మర్నాడు మా పెరట్లో పాములు తిరుగుతున్నాయని, రాజ్‌హాఁసులని పెంచితే పాములు దరిచేరవని పట్టుబట్టింది. మునగచెట్టు కింద పాము కనపడిన మాట నిజమే, కానీ అది అంతకుముందు ఏడాది. దీదా అక్కడితో ఆగలేదు, తాల్‌బగీచా అవతలి పల్లె నుంచి గంపలో బాతుపిల్లలని అమ్ముకుంటూ వచ్చే మాశీని, బెంగాలీలో పిన్నిని అలా అంటారు, పిలిపించి మా వరండాలో కూర్చోబెట్టింది. గంప మీది గుడ్డ తీస్తే లోపల పసుపూ బూడిద రంగూ కలిసిన నూగుతో బాతుపిల్లలు, వెచ్చగా, గడ్డివాసనతో, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ ఉన్నాయి.

ఏ పిల్లని తీసుకోవాలో ఎలా తెలుస్తుంది? దీదా కాళ్ళు వంకర లేకుండా చూడమంది, బొడ్డు ఆరిందో లేదో చూడమంది. చేతిలోకి తీసుకుంటే తన్నుకోకుండా కుదురుగా కూర్చునే పిల్ల మంచి మచ్చికవుతుందని మాశీ చెప్పింది. నాన్న ఇద్దరి మాటా వినలేదు. లోపలికెళ్ళి, మంచం కింది పెట్టెలోంచి పచ్చజెండా తెచ్చాడు. ఒక్కొక్క పిల్లనే ఎడమచేతిలో పట్టుకుని, దాని కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి జెండా ఆడించి, పిల్ల చటుక్కున తల తిప్పితే "ఫిట్" అని పక్కన పెట్టాడు. నాకు నవ్వాగలేదు. మాశీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ మాత్రం గోడకానుకుని నిలబడి నవ్వకుండా చూస్తోంది.

చివరికి ఒక పిల్ల మిగిలింది. జెండా కుడివైపు ఆడిస్తే చూసింది. ఎడమవైపు ఆడిస్తే ఊరుకుంది. నాన్న మళ్ళీ ఆడించాడు. దగ్గరికి తెచ్చి ఆడించాడు. ఆ కంటి మీద పాలమీగడ లాంటి తెల్లటి పొర ఉంది. నాన్న ఏమీ అనకుండా దాన్ని గంపలో పెట్టేసి, జెండా చుట్టి లోపలికి వెళ్ళిపోయాడు. మాశీ గంప ఎత్తుకోబోతూ ఆ పిల్లని తీసి నా ఒళ్ళో పడేసి "ఫావ్" అంది. బేరం అయ్యాక ఊరికే కలిపి ఇచ్చేదాన్ని బెంగాలీలు అలా అంటారు, మన కొసరు. అమ్మ దానికి కొసరు అనే పేరు పెట్టింది.

పిల్లలని యాపిల్ పండ్ల చెక్కపెట్టెలో గోనె పరిచి పెట్టాం. రాత్రిళ్ళు పెట్టె మీద బల్బు వేలాడదీసేవాళ్ళం. నానబెట్టిన నూకలు, తవుడు, సన్నగా తరిగిన గరిక, తూటికూర. నీళ్ళ గిన్నె మరీ లోతుగా ఉండకూడదు, అలాగని మరీ తక్కువ లోతూ ఉండకూడదు, తల ముంచి కళ్ళూ ముక్కూ కడుక్కునేంత ఉండాలి. తల్లి లేని పిల్లలకి ఈకలు రాకముందే ఈత నేర్పితే తడిసి చలికి చచ్చిపోతాయని దీదా చెబితే, నాన్న కుళాయి కింది తొట్టికి మూత వేసేశాడు. అమ్మకి వంటా నాకు బడీ ఉండేవి, పగలంతా ఖాళీగా ఉండేది ఆయనే కాబట్టి, మా ఇంటికి వచ్చినప్పటి నుంచి పిల్లలు ఎక్కువగా చూసింది నాన్ననే. ఆయన జామచెట్టు దాకా నడిస్తే జామచెట్టు దాకా, పందిరి కిందికి నడిస్తే పందిరి కిందికి వెనకాలే వరసగా వెళ్ళేవి. నాన్న ఆగితే ఆగేవి. "ఎనక్కి సూసుకుంట ఎల్లు, గార్డు లేని బండి" అని అమ్మ ఆటపట్టిస్తే, ఆ వేసవిలో మొదటిసారి ఆయన పెదవి కొంచెం వంగింది.

కొసరుని మాత్రం ఆయన మొదట్లో చూసేవాడే కాదు. తవుడు గిన్నె దగ్గర మిగతావి దాని గుడ్డివైపు నుంచి వచ్చి తోసేసేవి, అది దేనికి తోపుడు తగిలిందో తెలియక నిలబడిపోయేది. ఒక మధ్యాహ్నం నేను జామచెట్టు మీద ఉన్నాను, నేనక్కడున్నట్టు నాన్నకి తెలియదు. ఆయన వచ్చి ఒక చిన్న గిన్నెని గోడ మూలకి జరిపాడు. కొసరుని తెచ్చి, దాని ఎడమ కన్ను గోడ వైపు ఉండేట్టు నిలబెట్టాడు. ఇక ఆ పక్క నుంచి ఎవరూ రాలేరు. అది తింటున్నంతసేపూ గొంతుక్కూర్చుని చూశాడు. నాకు చెట్టు మీద ఏడుపొచ్చింది, ఎందుకో అప్పుడు తెలియదు.

పెరిగాక ఆయన ఎంపిక ఎంత తప్పో తేలింది. జెండాకి చటుక్కున తల తిప్పిన పిల్లలన్నీ పెద్దయ్యాక ఆకాశంలో గద్దని చూసినా, గోడ మీద పిల్లిని చూసినా, వీధిలో పాలవాడి చెయ్యి కదిలినా మెడలు సాచి బుసకొట్టేవి. సింహాచలం మా వీధిలోకి వస్తే సైకిలు దిగి నడిపించుకునేవాడు. నా పిక్కల మీద వాటి ముక్కు గుర్తులు ఎప్పుడూ ఉండేవి. "పెంచుకోవడానికి బాతులు కొనమంటే పోలీసులని కొన్నాడు" అని దీదా వీధంతా చెప్పింది. కొసరు ఒక్కటే మచ్చికైంది. కుడికంటికి నేను కనపడేలా కూర్చుంటే చాలు, వచ్చి నా ఒళ్ళో మెడ వాల్చి, గొంతులో సన్నగా ఏదో చెప్పుకుంటూ, గౌను గుండీలు ఒక్కొక్కటే లాగి చూసేది. ఎడమవైపు నుంచి చడీచప్పుడు లేకుండా వెళ్తే మాత్రం బెదిరిపోయి రెక్కలు కొట్టుకునేది. అందుకని నాన్న నాకొక పద్ధతి నేర్పాడు.

"సిన్నీ, దానికి కనపడని పక్కనుంచి ఎల్లినప్పుడు ముందు హారన్ కొట్టాల. లెవెల్ క్రాసింగ్ కాడ డ్రైవర్ కొట్టడా? అలగ."

ఆయన నోటితో పొడుగ్గా "పోఁ" అనేవాడు, అచ్చం దూరం నుంచి వచ్చే డీజిల్ ఇంజనులాగా. కొసరు మెడెత్తి ఒక్కసారి జవాబు చెప్పేది. పెరట్లో ఆ కూత ఎన్నిసార్లు వినిపిస్తే అంత నెమ్మదిగా ఉండేది నా మనసు. కానీ గేటు మాత్రం ఆయన ఇంకా తీయలేదు.

శ్రావణంలో ఎడతెరిపి లేకుండా వాన పట్టింది. ఒక పొద్దున్న లేచి చూస్తే పెరడంతా మోకాలి లోతు ఎర్రనీళ్ళు, కంచె పక్కన మురికికాలవ పొంగి, మా పెరడూ కాలవా ఒకటైపోయాయి. బాతులకి పండగ. కంచె కింది నుంచి ఈదుకుంటూ వీధిలోకి పోయాయి. వాన కొంచెం తెరిపిచ్చాక మా పోలీసులన్నీ అరుచుకుంటూ తిరిగొచ్చాయి. కొసరు రాలేదు. కొట్టుకుపోతూ గుడ్డివైపుకి తిరిగి దారి తప్పి ఉంటుంది. నాన్న వరండాలోంచి "పోఁ" అన్నాడు. జవాబు లేదు. మళ్ళీ అన్నాడు. అమ్మ గొడుగు తీసుకుని నేనెళ్తానంది.

"నీ గొంతు దానికి తెలవదు" అన్నాడు నాన్న.

గేటు గడియ మీద చెయ్యి వేసి ఎంతసేపు నిలబడ్డాడో. పైన వాన, ఎదుట వీధి, అప్పటికే వరండాల్లో మనుషులు. లుంగీ పైకి మడిచి, అమ్మ చేతిలోంచి గొడుగు కూడా తీసుకోకుండా, గడియ తీసి బయటికి నడిచాడు. నేను వెనకాల పరిగెత్తాను. పట్టపగలు, నడివీధిలో, మా నాన్న ఇంజను కూత కూస్తూ నడుస్తున్నాడు. మూడో ఇంటి దగ్గరే వచ్చింది ఆ ప్రశ్న.

"ఏటి దాదా, ఇంటికాడున్నావు. డ్యూటీ నేదా?"

"బాతు పోనాది" అని నాన్న ఆగకుండా ముందుకెళ్ళాడు. ఇంకో ఇంటి దగ్గర ఇంకొకరు. మళ్ళీ అదే జవాబు. క్రాసింగ్ పక్కన టీకొట్టు రేకు కింద డ్రైవర్లు పెట్టెల మీద కూర్చుని టీ తాగుతున్నారు. నాన్న అక్కడ తడబడి, నా భుజం పట్టుకుని ఆగాడు. వాళ్ళలో పెద్దాయన కూర్మయ్య గారు. నాన్నకి బండి నేర్పింది ఆయనే.

"ఏట్రా అప్పారావు, సిక్కని సెప్పినారు. వానల బాతుల్ని తోల్తన్నావా?"

నాన్న మొహం మీది వాననీళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఆ రేకు కింద అందరికీ వినపడేట్టు చెప్పాడు.

"సిక్కు కాదు గురువుగారూ. కళ్ళు అన్‌ఫిట్ సేసినారు. ఇంక బండెక్కను."

అప్పుడే సైకిలు నడిపించుకుంటూ వచ్చిన సింహాచలం నెమ్మదిగా, "నాకు తెలుసు దాదా. మీ గేటుకి నన్ను పంపడం మానీసినప్పుడే తెలిసింది. నానెవులికీ సెప్పనేదు" అన్నాడు. కూర్మయ్య గారు టీ గ్లాసు కింద పెట్టి లేచారు.

"బాతు ఎటేపు ఎల్లింది?"

"కాలవంట పోయుంటాది. దానికి ఎడంకన్ను కనపడదు."

"దానికీ కనపడదు, నీకూ కనపడదు. ఇద్దరూ ఒకరికొకరు ఎలగ దొరుకుతారు? నువ్వు హారన్ కొట్టుకుంట నడు. సూసేది మేం సూస్తాం."

అలా బయల్దేరాం. ముందు మా నాన్న కూస్తూ, ఆయనకి అటూ ఇటూ డ్యూటీ బట్టల్లో డ్రైవర్లు, వెనక సైకిలుతో సింహాచలం, గొడుగేసుకుని తిట్టుకుంటూ దీదా, కాలనీ పిల్లలు. మనుషులు వరండాల్లోంచి ఏమైందని అడగడం, ఎవరో ఒకరు బాతు సంగతీ కళ్ళ సంగతీ ఒకే గుక్కలో చెప్పెయ్యడం. ప్రతి ఇంటి దగ్గరా నాన్న తల వంచుతాడేమోనని చూశాను. కూత ఆపలేదు. కల్వర్టు అవతల గుర్రపుడెక్క నిండిన గుంట దగ్గర నాన్న ఆగి చెవి పెట్టాడు. మాకెవరికీ ఏమీ వినపడలేదు. ఆయన వేలు పెట్టి చూపించిన చోట ఆకులు కదిలాయి. కూర్మయ్య గారు "అదిగో" అన్నారు. కొసరు మెడెత్తి, తల పక్కకి తిప్పి మంచి కంటితో మమ్మల్ని వెతుక్కుంటూ, కూతకి కూత ఇస్తూ, నాచు కప్పుకుని నేరుగా నాన్న దగ్గరికి ఈదుకొచ్చింది. నాన్న దాన్ని చంకలో పెట్టుకున్నాడు. దాని ఈకల్లో మొహం పెట్టి ఏడ్చాడు, అందరి ముందూ. ఎవరూ మొహం తిప్పుకోలేదు.

ఆ మరుసటి వారం నాన్న తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని ఆఫీసులో చేరాడు. సంతకానికొచ్చే డ్రైవర్లు మొదట అడిగేది కొసరు ఎలా ఉందని. కొత్త కుర్రాళ్ళు ఆయన్ని బాతు డ్రైవరనేవారట, ఆయనకి కోపం వచ్చేది కాదు. కొసరు నేను కాలేజీకి వచ్చేదాకా బతికింది. నాన్న రిటైరయ్యాక కూడా చాలా కాలం ఉన్నాడు, ఇప్పుడు లేడు.

ఈమధ్య నిమ్‌పురా వెళ్ళాను. మా వరసలో సగం క్వార్టర్లకి తలుపుల్లేవు, మిగతా సగానికి వరండా నిండా ఇనుపగ్రిల్లు. పెరళ్ళలో తుమ్మ మొలిచింది. బాతు సరే, కోడి కూడా కనపడలేదు. డ్యూటీకి పిలుపు ఫోనులోకి వస్తుంది, కాల్‌మేన్ లేడు. ఎవరు ఎప్పుడు వెళ్తున్నారో, ఎవరు వెళ్ళడం మానేశారో పక్కింటివాళ్ళకి తెలిసే దారి లేదు. తెలిసినా అడగరు, అడగడం మర్యాద కాదని అందరం నేర్చుకున్నాం. మా సుభాష్‌పల్లి అపార్ట్‌మెంటులో ఎదురు ఫ్లాటాయన కొన్ని నెలలుగా బయటికి రావడం లేదు. ఆఫీసు పని ఇంటి నుంచే చేస్తున్నారని వాళ్ళావిడ చెబుతుంది, చెప్పేటప్పుడు నా వైపు చూడదు. మేమంతా పెద్దమనుషుల్లా తల ఊపి లిఫ్ట్ ఎక్కేస్తున్నాం.

ఇవాళ సాయంత్రం వెళ్ళి బెల్లు కొట్టాను. తలుపు కొంచెం తెరుచుకుంది, ఆయనే. నోటికి వేరే మాట రాలేదు. "దాదా, డ్యూటీ లేదా?" అని అడిగాను. ఆయన తలుపు పూర్తిగా తీసి, కుర్చీ మీది బట్టలు పక్కకి జరిపాడు.